తన తిల్లికి తానే దినం పెట్టుకున్న కురుమూర్తి

మా ఎదురింటి కురుమూర్తి, ఆ జబ్బు వచ్చేదాకా, గద్వాల దాటి ఒక్క రాత్రి బయట పండుకుని ఎరగడు. పెళ్లి వనపర్తిలో జరిగింది. తలంబ్రాలయ్యాయి, భోజనాలయ్యాయి, అప్పగింతల ఏడుపులు మొదలయ్యేసరికి పెళ్లికొడుకు కనపడలేదు. పెబ్బేరు బస్సెక్కి, నొసట బాసికంతోనే ఇల్లు చేరి పండుకున్నాడు. మరునాడు పొద్దున పెళ్లికూతురు ఉమారాణి తన అన్నలను వెంటబెట్టుకుని వచ్చి, అరుగు మీద వేపపుల్ల నములుతున్న మనిషిని ఎగాదిగా చూసి, వాకిలి ఊడుస్తున్న నన్ను అడిగింది: "పెద్దమ్మా, ఈయనేనా?"

"ఈయనే బిడ్డా. గుర్తుకు బాసికం ఇంకా ఉన్నది సూడు" అన్నాను.

ఎందుకిట్లా అంటే మా వీధిలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. కురుమూర్తి పుట్టిననాడు బిడ్డ వెనక పడిన మావిని వాళ్లమ్మ బాలనాగమ్మ స్నానాలు చేసే జాలారిలో పాతిపెట్టించింది. మావిని అందరూ పాతిపెడతారు, అందులో వింత లేదు. బాలనాగమ్మ మాత్రం కుక్కలు తవ్వుతాయని దాని మీద నలుగురు మోసే నల్లబండ వేయించింది. మావి ఏడ ఉంటే మనిషి ఆడికే వస్తాడని పెద్దలు చెబుతారు. బండ బరువెక్కువైంది కాబట్టి కురుమూర్తికి గుంజుడు కూడా ఎక్కువైందని మా అందరి అభిప్రాయం.

చేసేది నేత పని. గుంత మగ్గంలో కాళ్లు దించి కూర్చుంటే బువ్వకు పిలిస్తే తప్ప లేవడు. అబద్ధం ఆడడు. చీర కొనవచ్చిన వాళ్లతో "ఎడమ అంచుల ఒగ పోగు తెగిందమ్మా, నేనే అతికిన" అని అడగకముందే చెప్పి షావుకారుతో తిట్లు తింటాడు. ఇక మాట ఇచ్చాడంటే అంతే. చిన్నప్పుడు మా ప్రహరీ ఎక్కి జామకాయలు కోస్తుంటే పట్టుకుని "ఇగ మా గోడ దాటనని మాటియ్యి" అన్నాను. ఇచ్చాడు. ఆ గోడ కూలిపోయి ఎన్నేండ్లయిందో నాకే గుర్తులేదు. కురుమూర్తి ఇప్పటికీ ఆ గోడ ఉన్నచోటు దాటడు. మైదానంలా ఉన్న జాగాలో చుట్టూ తిరిగి, తలుపు ఉన్న దిక్కుకు వచ్చి, "అత్తా, జర చాయపత్తి ఉన్నదా?" అని అడుగుతాడు.

అట్లాంటి మనిషి మూడేళ్ల కింద ఒకనాడు మగ్గం మీదనే నెత్తురు కక్కుకున్నాడు. నేస్తున్న చీరకు ఒక్క చుక్క తగలకుండా తల పక్కకు తిప్పుకుని కక్కాడని వీధంతా మెచ్చుకుంది. మెచ్చుకుంటూనే దవాఖానకు మోసుకుపోయారు. గద్వాలలో చూసి మహబూబ్‌నగర్ పొమ్మన్నారు, అక్కడ చూసి హైదరాబాదు పొమ్మన్నారు. హైదరాబాదులో గొంతులోంచి కెమెరా దించి, అన్నం దిగే గొట్టంలో నరాలు ఉబ్బి పగిలాయని, వాటికి రబ్బరు బ్యాండ్లు వేశామని, అసలు జబ్బు లివరులో ఉందని చెప్పారు.

లివరు అన్న మాట వీధిలో పడగానే అందరూ ఒకటే అనుకున్నారు. కురుమూర్తి దొంగచాటుగా తాగుతున్నాడు!

జన్మలో కల్లు కూడా వాసన చూడని మనిషి. అయినా కల్లు కాంపౌండు నుంచి పెద్దమనుషులు నలుగురు అరటిపండ్లు పట్టుకుని పలకరించడానికి వచ్చారు. చెప్పులు వాకిట్లో విడిచి, గుడికి వచ్చినట్టు మెల్లగా నడిచారు.

"కురుమూర్తన్నా, మేము గింత తాగితేనే ఊరంత తెలుస్తది. నువ్వు ఇన్నేండ్లు తాగి ఇంట్ల పెండ్లానికి గూడ తెల్వనియ్యలే. యాడ నేర్చినవే?"

"నేను తాగలేదు తమ్మీ."

"గదే! సూడు, సావు మీదికొచ్చినా ఒప్పుకుంటలేడు. గదీ ఓపికంటె."

నాకు నిద్ర పట్టలేదు. చాయకని పోయి వాళ్లింటి అటక చూశాను. మగ్గం గుంతలోకి దిగి చూశాను. కండెలు పెట్టే గంప కూడా బోర్లించాను. చింతపండు, పాత బాసికం తప్ప ఏమీ దొరకలేదు. తరువాత డాక్టరే చెప్పాడు, ఇది తాగుడుతో వచ్చింది కాదని, ఏమీ తాగనివాళ్లకు కూడా లివరు లోపలి నరాలు బిగుసుకుపోయి ఇట్లా వస్తుందని. ఆ మాట వీధిలో నేనే ఇంటింటికీ తిరిగి చెప్పాను. కాంపౌండు వాళ్లకు మాత్రం చాలా మనసు కష్టమైంది.

బ్యాండ్లు వేస్తే కొన్ని నెలలు బాగుండేవాడు. మళ్లీ కక్కేవాడు. మళ్లీ వేసేవారు. కడుపు ఎడమపక్క గట్టిగా, పెద్దగా అయింది. కిందటేడు పోయినప్పుడు ఉమారాణికి తోడుగా నేనూ పోయాను. పెద్ద డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి, మాది ఏ ఊరని అడిగాడు. గద్వాల అన్నాం.

"అయితే బీచుపల్లి బ్రిడ్జి తెలుసు కదా. దాని మీద లారీ అడ్డం పడితే ఏమవుతుంది?"

"పెబ్బేరు దాక జామైతది సారూ. పోయినేడు హన్మంతుని దర్శనానికి పోయి మేము..."

"అంతే. కడుపులోంచి లివరుకు నెత్తురు పోయే దారి అది. ఈయన లివరులో బ్రిడ్జి మూసుకుపోయింది. బండ్లు ఆగుతాయా? పక్క ఊళ్ల సందుల్లో దూరుతాయి. అన్నం గొట్టం దగ్గరి సన్న నరాలే ఆ సందులు. ఆ బరువుకు గోడలు పగిలి నెత్తురు పడుతోంది. మేము ఒక సందు మూస్తే ఇంకో సందు పగులుతోంది. ఇక కొత్త రోడ్డు వేయాలి."

"కడుపుల రోడ్డెట్లేస్తరు సారూ?"

"ఎడమపక్క తిల్లి ఉంటుంది, ప్లీహం అంటారు, అది ఉబ్బి ఇంతయింది. దాన్ని తీసేసి, దాని నరాన్ని తెచ్చి కిడ్నీ నరానికి కలుపుతాం. నెత్తురు బ్రిడ్జి దగ్గర ఆగకుండా అటు మళ్లి పోతుంది. షంట్ ఆపరేషన్ అంటారు. ఆయన లివరు పని బాగానే చేస్తోంది కాబట్టి తట్టుకుంటాడు."

"మరి ఆ కొత్త రోడ్డు మీద గూడ లారీ అడ్డం పడితె?"

డాక్టరు నా వైపు బాగా చూశాడు. "మంచి మాట అడిగావమ్మా. అతుకు దగ్గర నెత్తురు గడ్డ కట్టొచ్చు. అందుకే ఆపరేషన్ అయ్యాక నెలకు ఒకసారి, తర్వాత మూడేసి నెలలకు వచ్చి స్కానింగ్ చేయించుకోవాలి. అది తప్పితే చేసిందంతా వృథా. అట్లని ఆపరేషన్ ఆలస్యం చేయొద్దు. ఇంకోసారి ఇట్లా కక్కితే మీ ఊరి నుంచి ఇక్కడిదాకా రాలేడు."

కురుమూర్తి ఒక్కటే అన్నాడు: "అమ్మ సరే అంటె చేయించుకుంట."

బాలనాగమ్మ సరే అనలేదు. అంతా విని, రాట్నం ఆపి, "తిల్లి తీసి ఏం జేస్తరంట?" అంది.

"ఏం జేస్తరు వదినె, పారేస్తరు గావొచ్చు."

"నా కొడుకు ముక్కను పట్నంల పారేస్తరా? ఎన్నడో ఎండిపోయిన మావి ఈడుంటేనే పెండ్లిల కెళ్లి లేపుకచ్చె. పచ్చి తిల్లి, చేటంత తిల్లి ఆడుంటె ఎటు గుంజుతది చెప్పు. ఇంటికొస్తడు, మల్ల లేచి పోతడు. ఒగనాడు పోయినోడు పోయినట్లే ఉంటడు. నేను ఒప్ప."

నేను బడిలో ఐదు దాకా చదివాను. ఆమె అది కూడా చదవలేదు. అయినా లెక్క ఆమెదే సరిగ్గా ఉంది. ఉమారాణి మాత్రం మూలన కూర్చుని ఏడుస్తోంది. కురుమూర్తి మొహం సున్నం కొట్టినట్టుంది. తిల్లిని ఇస్తారో ఇవ్వరో కనుక్కోవచ్చు, మనిషి పోతే కనుక్కునేదేమీ లేదు.

"ఆ తిల్లిని ఈడికి తెచ్చే పూచీ నాది వదినె" అన్నాను.

"జాలారి బండ మీద చెయ్యి పెట్టి చెప్పు."

పెట్టి చెప్పాను. ఆ పొద్దే బాలనాగమ్మ ఆ బండ కిందనే, మావి పక్కన, గుంతకు జాగా చూసుకుంది.

ఆపరేషన్‌కు ముందు కురుమూర్తికి సూదులు వేశారు, తిల్లి లేనివాళ్లకు జ్వరాలు తొందరగా తగులుతాయట. లోపలికి తీసుకుపోయింది పొద్దున, తలుపు తెరిచింది పొద్దు వాలాక. మనిషి బాగున్నాడని చెప్పి, స్టీలు పళ్లెంలో తిల్లిని తెచ్చి మాకు చూపించారు. నేరేడుపండు రంగు. నునుపుగా, బరువుగా, ఒక మూల వంకర తిరిగి ఉంది. ఉమారాణి కళ్లు మూసుకుంది. నేను వంగి చూశాను. ముట్టుకోవచ్చా అని అడిగితే వద్దన్నారు.

పళ్లెం పట్టుకున్నవాడి పేరు దానియేలు. మాటలో మా దిక్కు యాస వినపడి అడిగితే మానవపాడు అన్నాడు. నా ప్రాణం లేచి వచ్చింది.

"నాయనా దానియేలూ, మన దిక్కు పిలగానివి. దాన్ని జర ఒగ కవర్ల ఏసియ్యి, టిఫిన్‌ల పెట్టుక పోత."

"ఏంది పెద్దమ్మా, ఇది పొట్లం గట్టుడేంది? ఇది ల్యాబుకు పోవాలె. ఆన్నుంచి పసుప్పచ్చ కవర్ల పోతది, దానికి వేరే బండి వస్తది. ఎవ్వరికీ ఇయ్యరు. రేపు నా తిల్లి తీసినా నాకియ్యరు."

డాక్టరునే అడిగాను. ఆయన నవ్వలేదు. "కిడ్నీలోంచి తీసిన రాళ్లు అడిగినవాళ్లున్నారమ్మా, ఇచ్చాం. తిల్లిని అడిగింది మీరే మొదలు. ఇవ్వడానికి వీల్లేదు, అంతా రూలు ప్రకారం పోవాలి" అన్నాడు. చేతులెత్తి దండం పెట్టి వచ్చాను.

దవాఖానలో ఉన్నన్నాళ్లు బాలనాగమ్మ రోజూ ఫోను చేసింది. "నా కొడుకు తిన్నడా? తిల్లి ఏడున్నది?" అని రెండే మాటలు. మొదటిదానికి నిజం చెప్పాం. రెండోదానికి ఉమారాణి, పాపం, ఏమీ తోచక "ఫ్రిజ్‌ల ఉన్నదత్తా" అంది. అనేసి నా వైపు చూసింది. ఇక వెనక్కి పోయే దారి లేదు.

కురుమూర్తికి అవేవీ తెలియవు. ఒకనాడు మంచం మీద లేడు. వెతికితే, గొట్టానికి తగిలించిన సంచి ఒక చేత, లుంగీ ఒక చేత పట్టుకుని లిఫ్టు ముందర దొరికాడు. నర్సమ్మ పరుగెత్తి డాక్టరును పిలిచింది. కొత్త రోడ్డు వేశాక కొంత నెత్తురు లివరులో శుభ్రం కాకుండానే తలకెక్కుతుందట, దానితో కొందరికి మతి తప్పుతుందట. డాక్టరు ఆయన్ని చేతులు చాపి నిలబడమన్నాడు. వణకలేదు.

"ఈ రోజు ఏ వారం?"

"మంగళారం సారూ."

"ఇది ఏ ఊరు?"

"హైదరబాదు."

"ఎక్కడికి పోతున్నావు?"

"గద్వాలకు."

మతి సరిగ్గానే ఉందని డాక్టరు రాసుకున్నాడు. అయినా ఇంటికి పోయాక రోజూ ఇట్లాగే అడిగి చూడమన్నాడు. ఆ మాట నేను వీధిలో చెప్పిన పాపానికి, ఇప్పటికీ కురుమూర్తి పాలకు పోతే పాలవాడు, క్షవరానికి పోతే మంగలి, అందరూ "అన్నా, ఇయ్యాల ఏం వారం?" అని అడుగుతారు. ఆయన అందరికీ నిజాయితీగా చెబుతాడు.

ఇంటికి పంపించారు. ఎర్రవల్లి చౌరస్తాలో బస్సు దిగి, కురుమూర్తిని చెట్టునీడకు ఆటోలో కూర్చోబెట్టి, నేనూ ఉమారాణీ మటన్ దుకాణానికి పోయాం. దుకాణం నర్సింహులుది. అప్పుడే కోసిన గొర్రెలు వేలాడుతున్నాయి.

"తిల్లి ఉన్నదా నాయనా?"

"ఉన్నది తల్లీ" అని చూపించాడు. అరచేయంత కూడా లేదు.

"గింతేనా? పెద్దది గావాలె. చేటంత."

"చేటంత తిల్లి ఏనుగుకుంటదేమో అమ్మా. గొర్రెకు గింతే."

"అట్లయితె నాలుగియ్యి."

ఇచ్చాడు. ఉమారాణి సంచిలోంచి సూది దారం తీసి, దుకాణం వెనక బండ మీద కూర్చుని, నాలుగింటినీ అంచుకు అంచు పెట్టి కుట్టడం మొదలుపెట్టింది. నర్సింహులు కత్తి ఆపేశాడు.

"అమ్మా, ఇన్నేండ్లు కోస్తున్న, కుట్టెటోళ్లను ఇప్పుడే సూస్తున్న. ఏం కూర ఇది?"

"కూర గాదు నాయనా. దినానికి."

"ఎవరు పోయిన్రు?"

"ఎవరూ పోలేదు. ఆ ఆటోల కూసున్నడు సూడు, ఆయనది."

నర్సింహులు ఆటో దిక్కు చూశాడు. కురుమూర్తి అక్కడినుంచి చెయ్యి ఊపాడు. నర్సింహులు ఆ నాలుగింటికీ పైసలు తీసుకోలేదు. త్వరగా పొమ్మన్నాడు.

ఇంటి ముందర బాలనాగమ్మ హారతి పళ్లెంతో నిలబడి ఉంది. కొడుకు మొహం చూసి, ఒళ్లంతా తడిమి, కుట్లు ఉన్నచోట చెయ్యి పెట్టకుండా చుట్టూ తడిమి, ఏడ్చి, కళ్లు తుడుచుకుని, "ఏది?" అంది. ఉమారాణి టిఫిన్ డబ్బా ఇచ్చింది. మూత తీసి చూసింది. వేలితో కుట్టు వెంబడి పోయి, ఒక ముడి దగ్గర ఆగింది.

"ఈ కుట్లేందే?"

"ఆపరేషన్ కుట్లత్తా. ముక్కలైతె డాక్టర్లే కుట్టిచ్చిన్రు."

"మంచి చెయ్యి" అని బాలనాగమ్మ మూత పెట్టింది.

గుంత తయారుగా ఉంది. అయితే మనిషి బతికి ఉండి ముక్క పోతే మైల ఉంటుందా, ఉంటే ఎవరికి, మగ్గం ముట్టొచ్చా అని పెద్ద తగువు వచ్చింది. కులపెద్ద వెంకటస్వామిని పిలిచారు. ఆయన గడ్డం నిమురుకుంటూ కురుమూర్తిని అడిగాడు.

"పోయింది నీకు ఏమైతది?"

"నా తిల్లి మామా."

"నీకన్న చిన్నదా, పెద్దదా?"

కురుమూర్తి ఆలోచించాడు. "నాతోనే పుట్టింది. ఒగ ఈడుదే."

"అయితె తమ్మునితోని సమానం. పెండ్లి గాని తమ్ముడు. మూడో నాడు పిట్టకు పెడితె సాలు, పెద్ద దినం అక్కర్లే. మైల మగ్గానికి లేదు, మగ్గం గుంతల దిగేటి కాళ్లకే." ఉమారాణి ఏమైనా తీయాలా అని బాలనాగమ్మ అడిగింది, గాజులో మట్టెలో. వెంకటస్వామి వరుస లెక్క కట్టి, తమ్ముడే కాబట్టి వదినెకు ఏమీ తీయనక్కర్లేదు అన్నాడు. అందరం ఊపిరి పీల్చుకున్నాం.

నలుగురు కలిసి గుంత మీద కప్పిన బండ పక్కకు జరిపారు. పట్టుకొంగు నేయగా మిగిలిన ముక్కలో తిల్లిని చుట్టి, పసుపు కుంకుమ చల్లి దించారు. మట్టి వేయాల్సింది ఎవరంటే కురుమూర్తే. ఇంకెవరు? వంగకూడదు కాబట్టి కుర్చీ వేశారు. కుర్చీలో కూర్చుని పిడికెడు మట్టి వేసి, గట్టిగా ఏడ్చాడు.

"నలభై ఏండ్లు నా కడుపులనే ఉంటివి. ఒగనాడన్న నీ మొకం సూడకపోతి."

అది చూసి కాంపౌండు పెద్దమనుషులు కూడా ఏడ్చారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియక కొంగు నోట్లో కుక్కుకున్నాను.

మూడో నాడు పిట్టకు పెట్టడం. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి విస్తరిలో పెడితే కాకి వచ్చి ముట్టాలి. తిల్లికి ఏమిష్టమో ఎవరికీ తెలియదు. కురుమూర్తికి ఇష్టమైనవే దానికీ ఇష్టమవుతాయి కదా అన్నారు. కురుమూర్తికి అన్నిటికన్నా ఇష్టం తిల్లి వేపుడు.

"తిల్లికి తిల్లి పెడ్తరా? పాపం రాదూ?" అని వెంకటస్వామి కసిరాడు. చివరికి జొన్నరొట్టె, శెనగపప్పు, ఉప్పు తగ్గించిన వంకాయకూర పెట్టారు. ఉప్పు డాక్టరు తగ్గించమన్నాడు.

కాకి రాలేదు. పొద్దు నెత్తి మీదికి వచ్చింది, అయినా రాలేదు. కాకులు మా ఇంటి రేకుల మీద వరుసగా కూర్చుని చూస్తున్నాయే గాని దిగవు.

"ఏదో కోరిక మిగిలింది" అన్నాడు వెంకటస్వామి. "మాటియ్యాలె."

ఉమారాణి తిల్లి పేరు మీద పేదలకు అన్నం పెడతానంది. రాలేదు. అప్పుడు కురుమూర్తి కుర్చీలోంచి లేచి, విస్తరి ముందర చేతులు జోడించి నిలబడ్డాడు.

"తిల్లీ, నీ బాధ నాకెరుక. నన్ను ఇడిచి ఉండలేవు. మాటిస్తున్న. ఇగ నిన్నిడిచి గద్వాల దాటి యాడికీ పోను. హైదరబాదు మొకమే సూడను."

కాకి వచ్చింది. ఒకటి కాదు, నాలుగు. విస్తరి ఖాళీ చేసి పోయాయి.

అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టబోయి ఆగాను. నెలకు స్కానింగ్! డాక్టరు చెప్పిన మాట! ఇచ్చిన మాట తప్పని మనిషి, లేని గోడ చుట్టూ ఇన్నేండ్లుగా తిరుగుతున్న మనిషి, నాలుగు గొర్రెల తిల్లులకు మాట ఇచ్చేశాడు.

అనుకున్నట్టే అయింది. నెల కావొచ్చి ఉమారాణి సంచి సర్దితే, కురుమూర్తి మగ్గంలోంచి లేవలేదు.

"పోను. మాటిచ్చిన."

"అరె, అతుకు ఎట్లున్నదో సూడాలె. గడ్డ కడితె మల్ల నెత్తురు కక్కుతవు" అని నేను కేకలేశాను.

"కక్కితె కక్కుత అత్తా. కాకి తిన్నంక మాట తప్పితె ఎట్ల? దానికి నేను తప్ప ఎవరున్నరు?"

దవాఖానకు ఫోను చేసి దానియేలును అడిగితే, "పెద్దమ్మా, ఏ దినమైతె రమ్మన్నరో ఆ దినమే రావాలె. ఇట్లనే ఇంటికాడ కూసున్నోళ్లను మల్ల స్ట్రెచర్ మీద సూసిన" అన్నాడు. ఉమారాణి నా చెయ్యి పట్టుకుంది. "పెద్దమ్మా, ఈయన సస్తే నేను కుట్టిన కుట్టే సంపినట్టు. చెప్పేద్దాం."

బాలనాగమ్మకు చెప్పడానికి ఇద్దరం పోయాం. ఆమె రాట్నం ముందర కూర్చుని కండెలు చుడుతోంది. నేను బండ మీద చెయ్యి పెట్టి చెప్పినదాన్ని కదా, నేనే మొదలుపెట్టాను.

"వదినె, ఆ తిల్లి..."

"గొర్రెది" అంది బాలనాగమ్మ, రాట్నం ఆపకుండా. "నాలుగు గొర్లవి. ఒగటి ముదురుది."

ఇద్దరం రాట్నం పక్కన కూర్చున్నాం.

"ఎప్పుడెరికైందత్తా?"

"మూత తీసిన్నాడే. ఏ డాక్టరమ్మా పోగు తెగినప్పుడు అతికే ముడి ఏసేది? ఆ ముడి నేనే నీకు నేర్పిన. పట్నం డాక్టర్లకు ఎప్పుడు నేర్పినవే?"

"మరి ఎందుకు ఊకున్నవు వదినె? అంతమందితోని దినం జేయించి!"

"కొడుకు తిరిగొచ్చిండు. గుంత తవ్వి పెట్టుకుంటి. అంతమందిని పిలిస్తి. ఏం జెయ్యాలె మరి, కూర వండి పెట్టాల్నా?" అంది. తరువాత రాట్నం ఆపింది. "ఆనాటి సంది నాకు నిద్ర లేదు వదినె. తిల్లి ఆడ ఉన్నదని నాకెరుకనే. ఏ పొద్దు లేచి పోతడో అని వాకిట్లనే పండుకుంటున్న. వాడు పోలేదు. ఇప్పుడు పోవాలంటున్నరు, పోతలేడు." దారం కొస వేలికి చుట్టుకుంది. "గుంజుతదనే గద నా భయం. గుంజనీ. డాక్టరు రమ్మన్నప్పుడల్ల గుంజనీ. గుంజితేనే గద బతుకుతడు."

లేచి మగ్గం దగ్గరికి పోయింది.

"కొడకా, నీ తిల్లి ఈడ లేదు. హైదరబాద్‌లనే ఉన్నది."

కురుమూర్తి పోగుల మధ్య ఆడే నాడెను ఆపాడు. "మరి బండ కిందిదెవరు?"

"గొర్లు."

"నేను ఏడ్చింది?"

"గొర్లకు."

"మాటిచ్చింది?"

"తిల్లికిచ్చినవు. అది ఈడ లేదు, నీ మాట వినలే. వినంది మాటెట్లయితది? వెంకటస్వామిని అడుగు." నేను పోయి వెంకటస్వామిని పిలుచుకొచ్చాను. విషయం విని ఆయన గడ్డం పీక్కున్నాడు గాని, ఎదుట లేనివాళ్లకు ఇచ్చిన మాట కులంలో చెల్లదని చెప్పక తప్పలేదు.

"నీకోసం ఆడ ఒక్కటే ఉన్నది" అంది బాలనాగమ్మ. "పోయి మొకం సూపిచ్చి రా. పోయినప్పుడు ఆ స్కానింగేందో చేయించుకో."

కురుమూర్తి గుంతలోంచి లేచి చొక్కా వేసుకున్నాడు.

స్కానింగ్‌లో అతుకు తెరుచుకునే ఉందని, నెత్తురు మంచిగా పోతోందని, కొంచెం ఆలస్యమైనా కాపాడుకున్నారని డాక్టరు చెప్పాడు. వరండాలో దానియేలు ఎదురుపడితే కురుమూర్తి చెప్పులు విడిచి అడిగాడు. "తమ్మీ, నా తిల్లి ఏడున్నది?" దానియేలు నా దిక్కు చూశాడు. నేను కళ్లతోనే బతిమాలాను. అతను ల్యాబు తలుపు చూపించి, "ఆ తలుపులకెళ్లే పోయిందన్నా" అన్నాడు. అది నిజమే. కురుమూర్తి ఆ తలుపుకు దండం పెట్టి, బాగున్నావా అని అడిగి, ఇంటి సంగతులు కొన్ని చెప్పి వచ్చాడు. అప్పటినుంచి మూడు నెలలు నిండకముందే సంచి సర్దుకుని తయారుగా ఉంటాడు. దినం ఒక్కటి అటు ఇటు కానివ్వడు. నెత్తురు మళ్లీ కక్కలేదు.

ఒక్క తగువు మాత్రం మిగిలిపోయింది. మొన్న పెత్రమాసనాడు పెద్దలకు పెడుతూ కురుమూర్తి పోయిన తండ్రికి ఒక విస్తరి వేసి, దాని పక్కన నాలుగు పిడికిళ్లు పచ్చి జొన్న చొప్ప పెట్టాడు.

"ఇదేందిరా?" అన్నాడు వెంకటస్వామి.

"గొర్లకు మామా. పాతిపెట్టి, మట్టేసి, అంతగనం ఏడ్చి, ఇప్పుడు మాకేం గారంటె ఎట్ల? అవి ఎవ్వరికి చెప్పుకోవాలె?"

కాకులు వచ్చి తండ్రి విస్తరి ముట్టాయి. చొప్ప దిక్కు చూడలేదు. అందరం నిలబడి చూస్తున్నాం. ఆ లోపల మా మేక తాడు తెంపుకుని, లేని గోడ మీదుగా నేరుగా వచ్చి, నాలుగు పిడికిళ్లూ తిని పోయింది. గొర్రెకు మేక పాలివాళ్ల కిందికి వస్తుందా, అది తింటే చెల్లినట్టా కానట్టా అని వెంకటస్వామిని అడిగాం. ఆలోచించి చెబుతానన్నాడు. ఇంకా చెప్పలేదు.